వాపసు పెట్టెల లెక్క: ఎదుగుతున్న ఒక చిరుతిళ్ళ కంపెనీ కేస్ స్టడీ

ఈ కేసు దక్షిణ ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిరుతిళ్ళ కంపెనీది. అందులో నేను ఫైనాన్షియల్ అనలిస్టుగా పనిచేస్తున్నాను. కంపెనీని, ఊరిని, మనుషులను గుర్తుపట్టడానికి వీలైన వివరాలన్నీ తీసేశాను. రూపాయల మొత్తాలను మార్చాను గానీ వాటి మధ్య నిష్పత్తులను మార్చలేదు. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. అమ్మకాలు వేగంగా పెరుగుతున్న కంపెనీలో వాపసు సరుకు (గడువు దాటి దుకాణాల నుంచి తిరిగొచ్చే సరుకు) శాతాన్ని మామూలు పద్ధతిలో లెక్కిస్తే అది అసలు కంటే తక్కువగానే కనబడుతుంది. ఈ సంగతి నాకు ఒక స్టాకిస్టు (మా దగ్గర సరుకు కొని దుకాణాలకు అమ్మే టోకు వర్తకుడు) గోడౌనులో నిలబడ్డాకే బోధపడింది. ఇదే పనిలో ఉన్నవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

అప్పడాలు, పచ్చళ్ళతో మొదలైన కుటుంబ వ్యాపారం ఇది. తర్వాత జంతికలు, చేగోడీలు, కారప్పూస, మిక్చరు చేరాయి. పాత మార్కెట్టు బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి సరిహద్దు గీత పడినా, పర్లాకిమిడి దుకాణదారుకు గీత అవతలి పాతపట్నం ఇప్పటికీ పక్క ఊరే. ఈ విషయం కేసులో తర్వాత అవసరమవుతుంది.

2023లో కంపెనీ రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాలకు విస్తరించింది. అక్కడి పట్టణాల్లో తెలుగు మాట్లాడే వర్తకులు చాలామంది ఉండటం వల్ల స్టాకిస్టులను కుదుర్చుకోవడం కష్టం కాలేదు. కొత్త ప్రాంతానికి నెలకు పంపే సరుకు 2024 ఏప్రిల్లో 40 లక్షలు ఉండగా సెప్టెంబరుకు 70 లక్షలైంది. వేయించిన చిరుతిళ్ళ గడువు నాలుగు నెలలు, అప్పడాలది ఆరు నెలలు, పచ్చళ్ళది ఏడాది. మొత్తం అమ్మకంలో పెరుగుతున్నవి చిరుతిళ్ళే, అంటే అన్నిటికంటే తక్కువ గడువున్న సరుకే.

సమస్య ఎలా కనబడింది

2024 జూన్ నుంచి నెలాఖరున జీతాలకు, మిరపకాయల వ్యాపారికి, ప్యాకింగు ఫిల్ము సరఫరాదారుకు ఒకేసారి చెల్లించడం కష్టమవుతూ వచ్చింది. నెలవారీ లాభనష్టాల పట్టిక మాత్రం లాభమే చూపించేది. యజమాని నన్ను పిలిచి అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: "అమ్మా, అమ్మకం పెరిగింది, లాభం ఉందంటున్నారు. మరి బ్యాంకులో డబ్బు ఎందుకు లేదు?"

బ్యాంకు నుంచి వచ్చే వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చులకు తీసుకునే అప్పు) కూడా తగ్గుతోంది. ప్రతి నెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో 90 రోజులు దాటిన బాకీలను మా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు కాబట్టి, అలాంటి బాకీలు పెరిగేకొద్దీ డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెలలో మేము తీసుకోగలిగే అప్పు, తగ్గిపోతుంది. అమ్మకం పెరిగే కాలంలోనే అప్పు పరిమితి కుంచించుకుపోవడంతో రెండు వైపుల నుంచీ ఒత్తిడి పడింది.

సరఫరాదారుల చెల్లింపులను ఇంకో నెల వెనక్కి జరపాలన్న సూచన మొదట వచ్చింది. దాన్ని నేను ఒప్పుకోలేదు. మాకు సరఫరా చేసేవారిలో ఎక్కువమంది సూక్ష్మ, చిన్న సంస్థలుగా నమోదైన తయారీదారులు. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. డబ్బు లేనప్పుడు పన్ను భారం కూడా ముందుకు తెచ్చుకోవడం తెలివైన పని కాదు. పైగా మా నగదు కొరతను మా కంటే చిన్నవాళ్ళ మీదకు నెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు.

మొదటి వివరణ: నూనె ధర

2024 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి, శుద్ధి చేసిన నూనెల మీద 12.5 నుంచి 32.5 శాతానికి పెంచింది. ఆ వారంలోనే మా కొనుగోలు ధర పెరిగింది. డబ్బు ఎందుకు లేదన్న ప్రశ్నకు ఆఫీసులో అందరికీ ఇదే జవాబుగా తోచింది. నిజానికి మా అమ్మకపు ధర వందలో నూనె వాటా 15 రూపాయలు. దాని ధర అయిదో వంతు పెరిగితే మూడు రూపాయలు పోతాయి. సరుకు తయారీ ఖర్చులు పోగా మిగిలే మొత్తం వందకు 25 నుంచి 22కి తగ్గింది. ఇది చిన్న దెబ్బ కాదు. అయితే నగదు కొరత జూన్‌లోనే మొదలైంది. సెప్టెంబరులో జరిగినది జూన్‌కు కారణం కాలేదు కదా. తేదీలను పక్కపక్కన పెట్టి చూపించేదాకా ఈ వాదన ఆగలేదు. నూనె ధర నిజమైన సమస్యే గానీ, అది వేరే సమస్య.

రెండో ప్రయత్నం: అప్పు గడువు తగ్గించడం

బాకీల పట్టిక తీస్తే కొత్త ప్రాంతపు స్టాకిస్టుల దగ్గర పాత బాకీలు పేరుకుపోయి ఉన్నాయి. 30 రోజుల అప్పును 15 రోజులకు కుదించమని, పాత బాకీ తీరేవరకు కొత్త సరుకు ఆపమని నేనే సిఫారసు చేశాను. అక్టోబరులో అమలు చేశాం. ఆ నెల ఆర్డర్లు తగ్గాయి, పాత బాకీ మాత్రం దాదాపు కదలలేదు. ఇద్దరు స్టాకిస్టులు ఫోను ఎత్తడం మానేశారు.

ఆగి ఆ బాకీలను మళ్ళీ చదివాను. నిజంగా డబ్బు ఎగ్గొట్టేవాడి ఖాతాలో సాధారణంగా ఒకటి రెండు పెద్ద బిల్లులు మొత్తంగా నిలిచిపోతాయి. ఇక్కడ ప్రతి బిల్లులోనూ ఎక్కువ భాగం సకాలంలో చెల్లించి, మూడు వేలు, ఏడు వేలు, పదకొండు వేలు, ఇలా చిన్న ముక్కలు మిగిల్చారు. తొమ్మిది మంది స్టాకిస్టులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే తీరులో ఎగవేస్తారని నమ్మడం కష్టం. ఏదో ఒక లెక్క ప్రకారమే వాళ్ళు పట్టుకుంటున్నారు.

నవంబరు మొదటి వారంలో సేల్స్‌మన్‌తో కలిసి రాయగడ జిల్లాలోని ఒక స్టాకిస్టు దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, తర్వాత గోడౌను వెనక గదికి తీసుకెళ్ళారు. గోడ పొడవునా మా అట్టపెట్టెలే. "అమ్మా, మీ బాకీ నా దగ్గర లేదు. మీ పెట్టెలే నా దగ్గర ఉన్నాయి. ఇవి పట్టుకెళ్ళండి, మిగతాది ఇప్పుడే లెక్క తేల్చేస్తాను" అన్నారు.

అవి దుకాణాల నుంచి గడువు దాటి తిరిగొచ్చిన సరుకు. దుకాణదారుకు ఆయన అప్పటికే డబ్బు వెనక్కి ఇచ్చేశారు. మా కంపెనీ నుంచి క్రెడిట్ నోటు (ఆ విలువను ఆయన బాకీలో తగ్గించినట్టు ఇచ్చే కాగితం) రాకపోవడంతో ఆ విలువను ప్రతి బిల్లులోనూ కొంత కొంత తగ్గించుకుంటున్నారు. ఆ విలువ ఇమ్మని అడిగే క్లెయిము కాగితాలు మా ఆఫీసులో సంతకాల కోసం నెలల తరబడి ఉన్నాయి. మేము బాకీ అని పిలుస్తున్నది చాలావరకు మేమే ఒప్పుకోని మా నష్టం. ఆయన మీద ఒత్తిడి తెమ్మని రాసినది నేనే కాబట్టి, ఆ గదిలోనే ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను.

తిరిగొచ్చిన వెంటనే చేసిన పని క్లెయిములన్నీ తేల్చడం. దీనికి ఒక గడువు కూడా ఉంది. జీఎస్టీ చట్టం ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరపు అమ్మకాలకు పన్ను తగ్గింపుతో క్రెడిట్ నోటు ఇవ్వాలంటే ఆ తర్వాతి నవంబరు 30 లోపు చూపించాలి. 2023-24 బిల్లులకు మూడు వారాలే మిగిలాయి. యజమాని ఒక గుమాస్తాను పూర్తిగా ఈ పనికే కేటాయించారు. ఎక్కువ భాగం సమయానికి పూర్తయింది. కొన్ని బిల్లులకు కాగితాలు దొరక్క ఆ పన్నును కంపెనీయే భరించింది. పారబోసిన సరుకు తయారీలో వాడిన ముడిసరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన తగ్గింపును) కూడా వెనక్కి కట్టాలి. ఈ ఖర్చు అంతకుముందు ఎవరి లెక్కలోనూ లేదు.

శాతం ఎందుకు తప్పుగా కనబడింది

గోడౌనులో చూసిన పెట్టెల సంఖ్యకూ మా పట్టికలోని వాపసు శాతానికీ పొంతన కుదరలేదు. సెప్టెంబరు పట్టికలో వాపసు 2 లక్షల 80 వేలు, అమ్మకం 70 లక్షలు, అంటే 4 శాతం. చిరుతిళ్ళ వ్యాపారంలో ఇది భరించదగినదే అని అందరం అనుకున్నాం.

అయితే సెప్టెంబరులో తిరిగొచ్చిన పొట్లం సెప్టెంబరులో అమ్మినది కాదు. నాలుగు నెలల గడువు ముగిసి, దుకాణం నుంచి స్టాకిస్టుకూ, అక్కడి నుంచి మాకూ చేరేసరికి అయిదో నెల వస్తుంది. అది ఏప్రిల్ సరుకు. ఏప్రిల్లో పంపినది 40 లక్షలు. ఆ 2 లక్షల 80 వేలను 40 లక్షలతో భాగిస్తే వచ్చేది 7 శాతం. పైన పాత వాపసును, కింద కొత్త అమ్మకాన్ని పెట్టినంతకాలం, అమ్మకం ఎంత వేగంగా పెరిగితే శాతం అంత చిన్నదిగా కనబడుతుంది. అమ్మకం నిలకడగా ఉన్న పాత మార్కెట్టులో ఈ రెండు లెక్కలకూ తేడా రాదు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

డిసెంబరులో వాపసు పెట్టెల మీది బ్యాచ్ నంబర్ల ఆధారంగా పట్టిక మళ్ళీ కట్టాను. నిలువు వరుసలో సరుకు పంపిన నెల, అడ్డంగా ఆ తర్వాత ఒకటో నెల, రెండో నెల అంటూ ఎంత తిరిగొచ్చిందన్న లెక్క. ఏప్రిల్ సరుకు వరుస ఏడు శాతం దగ్గర ముగిసింది. తర్వాతి నెలల వరుసలు ఇంకా పూర్తి కాకపోయినా, అదే వయసులో ఏప్రిల్ సరుకు ఎంత తిరిగొచ్చిందో చూసి వాటిని పోల్చవచ్చు. మే, జూన్ సరుకు ఏప్రిల్ కంటే కొంచెం ఎక్కువ వేగంతోనే తిరిగొస్తోంది.

దీంతో కొత్త ప్రాంతపు లాభం లెక్క తారుమారైంది. వంద రూపాయల అమ్మకంలో తయారీ ఖర్చు పోగా 22 మిగులుతుంది. లారీ కిరాయికి 6, స్కీములకు (వర్తకులకు ఇచ్చే రాయితీలకు) 7, సేల్స్ సిబ్బందికి 4 పోతే 5 ఉంటుంది. వాపసు 4 అనుకున్నప్పుడు రూపాయి మిగిలేది. వాపసు 7, తిరుగు కిరాయి, వెనక్కి కట్టిన పన్ను కలిపి ఇంకో రూపాయి అనుకుంటే మూడు రూపాయల నష్టం. అదే పాత మార్కెట్టులో వందకు 12 మిగులుతోంది. పాత మార్కెట్టు సంపాదన కొత్త మార్కెట్టు పెరుగుదలను పోషిస్తోంది, ఆ పెరుగుదలకే మేము ఇన్సెంటివు ఇస్తున్నాం.

పట్టిక ఇంకో సంగతి బయటపెట్టింది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా నుంచి వచ్చిన వాపసులో సుమారు అయిదో వంతు బ్యాచులు అసలు ఒడిశా స్టాకిస్టులకు పంపినవి కావు. శ్రీకాకుళం వైపు బిల్లు అయినవి. ఒడిశా వైపు గడువు దాటిన సరుకుకు పూర్తి విలువ ఇస్తున్నాం, ఆంధ్ర వైపు సగమే ఇస్తున్నాం. దాంతో పెట్టెలు సరిహద్దు దాటి ఎక్కువ విలువ వచ్చే వైపు చేరాయి. ఇందులో దుకాణదారులను తప్పుపట్టలేను. ఒకే సంతకు వచ్చే రెండు ఊళ్ళకు రెండు నియమాలు పెట్టినది మేము. ఎవరికి బిల్లు చేశామో వారికే క్రెడిట్ నోటు ఇవ్వాలి కాబట్టి పన్ను లెక్కల్లోనూ ఇది చిక్కే. జనవరి నుంచి రెండు వైపులా ఒకే నియమం పెట్టాం.

విఫలమైన మూడో ప్రయత్నం

ఇది రాయడం నాకు కష్టం. వాపసే సమస్య అయితే వాపసు తీసుకోవడమే మానేద్దామన్న ఆలోచన వచ్చింది. చాలా కంపెనీల్లో ఉన్న పద్ధతే: అమ్మకం మీద 2 శాతం ముందుగానే ఇచ్చేసి, ఆపైన గడువు దాటిన సరుకు బాధ్యత స్టాకిస్టుదే అంటారు. కాగితం మీద అది చక్కగా ఉంది. ఖర్చు ముందే తెలుస్తుంది, స్టాకిస్టు జాగ్రత్తగా ఆర్డరు ఇస్తాడు, క్లెయిము గొడవలు ఉండవు. నేను వ్యతిరేకించలేదు. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక స్టాకిస్టు పరిధిలో ప్రయత్నించాం.

అక్కడి వాపసు దాదాపు సున్నా అయింది. అంతకుముందు పంపిన సరుకు వరుస ప్రకారం ఆ రెండు నెలల్లో కనీసం లక్ష రూపాయల సరుకు గడువు దాటాలి. అది ఎక్కడికి పోయింది? వాపసు వేగం సగానికి తగ్గి ఉంటే బహుశా నేను సంతోషించి ఊరుకునేదాన్ని. పూర్తిగా ఆగిపోవడం వల్లే అనుమానం వచ్చింది. ఫిబ్రవరి చివర్లో ఆ పరిధిలోని ఒక కొండ ప్రాంతపు వారపు సంతకు వెళ్ళాం. గోనెపట్టా మీద మా కారప్పూస పొట్లాలు ఒకటి కొంటే ఒకటి ఉచితంగా ఇస్తున్నారు. తేదీ దాటి మూడు వారాలైంది. ఒక పొట్లం కొని విప్పితే నూనె ముక్కవాసన. కొంటున్నవాళ్ళలో పొట్లం మీది ఇంగ్లీషు తేదీని చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

గడువు దాటిన ఆహారాన్ని అమ్మడం ఆహార భద్రతా చట్టం ప్రకారం నేరం. అంతకంటే ముఖ్యంగా, మా లెక్కలోంచి నేను తీసేసిన నష్టం పోయి ఒక పిల్లవాడి చేతిలో పడింది. ఆ సాయంత్రమే యజమానికి ఫోను చేశాను. ఆయన ఒక్క మాట కూడా వాదించకుండా ఆ పద్ధతిని అప్పటికప్పుడే ఆపించి, సంతలో ఉన్న సరుకంతా కొనిపించి పూడ్పించారు. వాపసు తగ్గడం అనే అంకెను ఒంటరిగా లక్ష్యంగా పెట్టకూడదని అప్పటి నుంచి రాతపూర్వకంగా పెట్టుకున్నాం: తిరిగి రావలసిన సరుకు తిరిగి రావాలి, తగ్గవలసినది పాతబడే సరుకు.

ఫలించినది

సరుకు ఎందుకు పాతబడుతోందని వెతికితే రెండు కారణాలు దొరికాయి. మొదటిది నెలాఖరు. కొత్త ప్రాంతానికి నెలలో పంపే సరుకులో సగానికి దగ్గర చివరి ఆరు రోజుల్లోనే వెళ్తోంది. కంపెనీ గేటు దాటిన లారీనే అమ్మకంగా లెక్కించి సేల్స్ సిబ్బందికి ఇన్సెంటివు ఇవ్వడం దీనికి మూలం. రెండోది నా సిఫారసే. అంతకు ఏడాది ముందు కిరాయి తగ్గించడానికి, చిన్న బండ్లు మానేసి నెలకు ఒకసారి నిండు లారీ పంపమని నేను లెక్కకట్టి చూపించాను. వందకు ఒక రూపాయి కిరాయి ఆదా అయింది. ఆ ఆదా కోసం నలభై రోజులకు సరిపడే చిరుతిళ్ళు ఒకేసారి గోడౌను చేరి, దుకాణానికి వెళ్ళేలోపే గడువులో మూడో వంతు కరిగిపోయేది.

2025 ఏప్రిల్ నుంచి నెలకు రెండు లారీలు పంపుతున్నాం. సగం ఖాళీగా పంపకుండా, చిరుతిళ్ళతో పాటు గడువు ఎక్కువ ఉన్న పచ్చళ్ళు, అప్పడాలు కలిపి నింపుతున్నాం. నిలవ ఉన్నా నష్టం లేని సరుకు కిరాయిని మోస్తుంది. ఇన్సెంటివులో సగం స్టాకిస్టు నుంచి దుకాణానికి వెళ్ళిన బిల్లుల మీద ఆధారపడేలా మార్చాం. నెలవారీ లాభనష్టాల పట్టికలో సరుకు పంపిన నెలలోనే వందకు ఏడు రూపాయలు వాపసు కోసం పక్కన పెట్టడం మొదలుపెట్టాం. క్లెయిము అందిన 15 రోజుల్లో క్రెడిట్ నోటు వెళ్ళాలని నియమం పెట్టాం.

ఏప్రిల్లో పంపిన సరుకు 72 లక్షల నుంచి 54 లక్షలకు పడిపోయింది. స్టాకిస్టుల దగ్గర పేరుకున్నది కరగాలి కాబట్టి ఇలా అవుతుందని ముందే చెప్పాను. అయినా పడిపోయిన అంకెను నెలనెలా చూడటం యజమానికి తేలిక కాదు. దుకాణాల బిల్లులు తగ్గడం లేదని వారం వారం చూపించడం వల్లే నిర్ణయం నిలబడింది. మే నెల సరుకులో అక్టోబరు చివరికి తిరిగొచ్చినది వందకు మూడు. కిరాయి ఒక రూపాయి పెరిగింది, నెలాఖరు స్కీములు తగ్గడంతో రెండు రూపాయలు మిగిలాయి. కొత్త ప్రాంతం ఇప్పుడు వందకు రెండు రూపాయల పైన మిగులుస్తోంది. 90 రోజులు దాటిన బాకీలు చాలావరకు తీరి డ్రాయింగ్ పవర్ తిరిగి పెరిగింది.

కార్తీకం గురించి ఒక మాట. బ్యాచ్ పట్టికలో వెల్లుల్లి కారప్పూస వాపసు సెప్టెంబరు సరుకులో మిగతా వాటికి రెట్టింపు ఉంది. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్ళు రెండు భాషల వారిలోనూ ఎక్కువే. ఒడియా ఇళ్ళలో కార్తీకం కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పూర్ణిమ) మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో ముగుస్తుంది. తెలుగు ఇళ్ళలో దీపావళి అమావాస్య తర్వాత మొదలై మళ్ళీ అమావాస్య దాకా సాగుతుంది. రెండు కుటుంబాలూ పక్కపక్కన ఉన్న ఊళ్ళలో ఆ సరుకు నెల కాదు, నెలన్నర కదలదు. 2024లో అది అక్టోబరు మధ్య నుంచి నవంబరు ఆఖరు వరకు. సేల్స్‌మన్‌లందరికీ తెలిసిన విషయమే. మా ఉత్పత్తి ప్రణాళికలో మాత్రం లేదు. 2025లో ఆ రకం తయారీని సెప్టెంబరులోనే తగ్గించి, వాము జంతికలు పెంచాం.

2025 సెప్టెంబరు 22న ప్యాకెట్టు మిక్చరు, కారప్పూస వంటి వాటి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, ఏ స్టాకిస్టు దగ్గర ఏ నెల సరుకు ఎన్ని పెట్టెలు ఉందో అప్పటికే మా దగ్గర ఉంది. వాపసు కోసం కట్టిన పట్టిక ఆ వారంలో ధరల సవరణకూ ఆధారమైంది.

ఇంకా తేలని విషయం

మే సరుకు ఫలితం చూసి, పక్కన పెట్టే మొత్తాన్ని ఏడు నుంచి మూడుకు తగ్గించవచ్చని మా ఆడిటరు అభిప్రాయం. నేను అయిదు దగ్గర ఉంచమని అడిగాను. మే, జూన్ సరుకు వరుసలు మాత్రమే పూర్తయ్యాయి. తేమ ఎక్కువగా ఉండే జులై, ఆగస్టు నెలల్లో ప్యాక్ అయిన సరుకు మెత్తబడి తొందరగా తిరిగొస్తుందని పాత వరుసలు చెబుతున్నాయి, ఆ బ్యాచుల గడువు డిసెంబరు దాకా ముగియదు. కలహండి జిల్లా అమ్మకం ఇంకా నష్టంలోనే ఉంది. దాన్ని కొనసాగించాలా వద్దా అన్నది ఆ వరుసలు పూర్తయ్యాక, జనవరిలో కూర్చుని తేలుస్తామని యజమాని అన్నారు. అంతవరకు అయిదే పక్కన పెడుతున్నాం.